అడుగు పెట్టని లైబ్రరీకి ఆయన పేరు

పాత ఢిల్లీ రైల్వేస్టేషన్‌కూ చాందినీ చౌక్‌కూ నడుమ, ఒకప్పటి కంపెనీ బాగ్ చేరువలో ఓ పాత లైబ్రరీ ఉంది. బోర్డు మీద లాలా హర్‌దయాల్ పేరు. హర్‌దయాల్ ఈ ఊరివాడే. 1884లో ఇక్కడే పుట్టాడు, ఇక్కడే సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో చదివాడు. 1908లో దేశం విడిచి వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఈ భవనంలో లైబ్రరీ వెలిసింది 1916లో. అంటే ఎవరి పేరు గుమ్మం మీద ఉందో ఆయన ఆ గుమ్మం ఎన్నడూ తొక్కలేదు.

అసలు చిత్రం అది కాదు. 1970 వరకు ఆ గుమ్మం మీద ఉన్నది వైస్రాయి లార్డ్ హార్డింజ్ పేరు. ఆ హార్డింజ్ మీద ఇదే చాందినీ చౌక్‌లో బాంబు పడితే, అమెరికాలో కూర్చుని ‘భేష్’ అంటూ కరపత్రం తీసినవాడు హర్‌దయాల్. దెబ్బ తిన్నవాడి పేరు చెరిపి, దెబ్బకు చప్పట్లు కొట్టినవాడి పేరు రాశారన్నమాట. స్వాతంత్య్రం వచ్చాక ఢిల్లీలో పేర్లు చాలానే మారాయి. టౌన్‌హాల్ ముందు విక్టోరియా రాణి విగ్రహం పోయి స్వామి శ్రద్ధానంద వచ్చాడు. కానీ ఇంత సూటిగా లెక్క సరిచేసిన పేరు మార్పు మరొకటి నాకు కనబడలేదు.

1912 డిసెంబరు 23. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని అంతకు ముందు ఏడాది దర్బారులో చాటింపు వేశారు. వైస్రాయి లాంఛనంగా ఊళ్లో అడుగుపెట్టే రోజది. స్టేషన్ నుంచి ఏనుగు అంబారీ మీద బయల్దేరాడు. పక్కన భార్య, వెనక గొడుగు పట్టిన జమాదారు. ఊరేగింపు చాందినీ చౌక్‌లో సాగుతుండగా బాంబు పేలింది. గొడుగు పట్టినతను అక్కడికక్కడే పోయాడు. హార్డింజ్ వీపు ఛిద్రమైంది. ఊరేగింపు ఆపవద్దని ఆయనే చెప్పాడు గానీ కాసేపటికే స్పృహ తప్పాడు. కిందికి దించుదామంటే బెదిరిన ఏనుగు మోకాళ్ల మీద కూర్చోనంది. చెక్కపెట్టెలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటిమీద నిలబడి ఆయన్ని చేతుల మీద దించారు. ఇవన్నీ హార్డింజే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ పూట అదే అంబారీలో ఉన్న లేడీ హార్డింజ్ పేరు మాత్రం ఢిల్లీలో మెడికల్ కాలేజీ మీద ఇంకా నిలిచే ఉంది.

పథకం రాస్‌బిహారీ బోస్‌ది. ఆయన అప్పుడు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో గుమాస్తా. దాడిని ఖండిస్తూ అక్కడ సభ పెట్టించిన ఘనుడు కూడా ఆయనే. బాంబు విసిరింది బసంత కుమార్ బిశ్వాస్. పోలీసులకు కొస దొరకడానికి ఏడాదికి పైగా పట్టింది. ఢిల్లీ కుట్ర కేసులో నలుగురికి ఉరి పడింది. అందులో ఒకరు మాస్టర్ అమీర్ చంద్, స్కూలు టీచరు, హర్‌దయాల్‌కు ఆప్తుడు. దేశం విడిచి వెళ్లేటప్పుడు హర్‌దయాల్ తన చుట్టూ చేరిన కుర్రాళ్లను ఈయనకే అప్పగించి వెళ్లాడు. ఆ కేసులో ప్రాసిక్యూషన్ చూపిన సాక్ష్యాల్లో బాంబు సామగ్రితో పాటు ‘లిబర్టీ’ అనే విప్లవ కరపత్రాలూ ఉన్నాయి. కాగితమూ కోర్టు దృష్టిలో మందుగుండే అయింది. 1915 మేలో ఉరిశిక్షలు అమలయ్యాయి. అమీర్ చంద్‌ను ఉరితీసిన నాటి ఢిల్లీ జైలు ఉన్నచోట ఇప్పుడు మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీ నడుస్తోంది.

ఆ మరుసటి ఏడాదే హార్డింజ్ మున్సిపల్ పబ్లిక్ లైబ్రరీ వచ్చింది. నిజానికి దాని వేళ్లు 1862 నాటివి. టౌన్‌హాల్‌లోని లారెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో అది మొదట దొరల పఠన మందిరం. ఓడ ప్రయాణంలో కాలక్షేపానికి తెచ్చుకున్న పుస్తకాలు చదివేశాక అక్కడ పడేసిపోయేవారని చెబుతారు. అలా పోగైన పుస్తకాల్లో 1634లో లండన్‌లో అచ్చయిన థామస్ హెర్బర్ట్ యాత్రా గ్రంథం ఉంది. లైబ్రరీకి అదే పెద్ద ముత్తాత. సంస్కృతం, పారశీకం, అరబిక్, ఉర్దూ, హిందీ అరుదైన గ్రంథాలు వేలల్లో ఉన్నాయి.  

హర్‌దయాల్ సంగతికొద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి సర్కారు వారి స్కాలర్‌షిప్పు మీద 1905లో వెళ్లాడు. మీ డబ్బు నాకొద్దని 1907లో దాన్ని వదిలేశాడు. ఇండియా వచ్చి కొద్ది నెలలున్నాడు. అరెస్టు తప్పదని తెలిసి 1908లో మళ్లీ ఓడెక్కాడు. అప్పటికి భార్య సుందర్ రాణి గర్భవతి. పుట్టిన కూతురు శాంతి ముఖం ఆయన చూడనేలేదు. పారిస్‌లో మేడమ్ కామా కోసం ‘వందేమాతరం’ పత్రికకు సంపాదకత్వం. తర్వాత అమెరికా. స్టాన్‌ఫర్డ్‌లో కొన్నాళ్లు భారతీయ తత్వశాస్త్రం బోధించాడు. 1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన సంపాదకత్వంలో ‘గదర్’ పత్రిక మొదటి సంచిక బయటికి వచ్చింది, ఉర్దూలో. ఆ వెంటనే గురుముఖిలోనూ మొదలైంది. చేత్తో రాసి రాతి అచ్చు మీద తీసేవారు. ఆ పని మీద పడి రాత్రింబవళ్లు కష్టపడినవాడు కర్తార్ సింగ్ సరాభా. లాహోరులో ఉరి తీసేనాటికి అతనికి పందొమ్మిదేళ్లు. మనవాడూ ఒకడున్నాడు అందులో. కనిగిరి ప్రాంతం నుంచి చదువుకోడానికి కాలిఫోర్నియా వెళ్లి, గదర్ పార్టీలో చేరి, జైళ్లపాలైన దరిశి చెంచయ్య. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ తెలుగులో ఆ ఉద్యమానికి లోపలి మనిషి ఇచ్చిన సాక్ష్యం. చదవనివాళ్లు వెతికి చదవాలి.

ఇంత దూరం నుంచి వచ్చే పత్రికను ఢిల్లీలో చదవకుండా ఆపడం ఎలా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. పాఠకుణ్ని పట్టుకోనక్కర్లేదు, లైబ్రరీని సోదా చేయనక్కర్లేదు. 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టంలో 19వ సెక్షన్ ఉంది. ఫలానా సరుకు దేశంలోకి రాకూడదని గవర్నర్ జనరల్ గెజెట్‌లో ఒక ప్రకటన వేయిస్తే చాలు. సరుకుల కోసం రాసిన సెక్షన్ అది. దాన్నే పుస్తకాలకు వాడారు. ‘గదర్’ను ఆపింది ఆ సెక్షనే. 1857 తిరుగుబాటు మీద సావర్కర్ రాసిన పుస్తకాన్ని 1909లో ఇంకా అచ్చయి బయటికి రాకముందే ఆపిందీ అదే. రచయితకు నోటీసివ్వరు. పుస్తకంలో తప్పేమిటో కోర్టులో రుజువు చేయరు. రేవులో ఒక గుమాస్తా మూట విప్పి, జాబితాతో సరిచూసి, పక్కన పడేస్తాడు. రేవు దాటినవాటిని తపాలా వాళ్లు చూసుకుంటారు. దేశంలోనే అచ్చయినవాటికి 1910 ప్రెస్ చట్టం. ముద్రాపకుల దగ్గర ధరావతు కట్టించుకోవడం, రాత నచ్చకపోతే ధరావతునూ పుస్తకాన్నీ జప్తు చేయడం. గాంధీ ‘హింద్ స్వరాజ్’ గుజరాతీ ప్రతులు బొంబాయి రాష్ట్రంలో జప్తయింది ఆ ఏడాదే.

దీనివల్ల హార్డింజ్ లైబ్రరీ వంటి చోట్ల ఒక విడ్డూరం జరిగింది. అలమరలోంచి ఏ పుస్తకాన్నీ ఎవరూ తీసేయలేదు. తీసేయడానికి అక్కడికి చేరితే కదా. చదువరి కేటలాగ్ తిప్పుతాడు, కనబడదు. లేదనుకుంటాడు తప్ప రానివ్వలేదని అనుకోడు. నిషేధం అంటే మనకు పుస్తకాలు తగలబెట్టడం గుర్తొస్తుంది. తగలబెడితే పొగ లేస్తుంది, నలుగురికీ తెలుస్తుంది. బ్రిటిష్ వాళ్లకు ఆ అవసరం పెద్దగా రాలేదు. పైగా వాళ్లు అన్నీ కాల్చేంత అమాయకులు కారు. జప్తు చేసినవాటిలో ప్రతులు లండన్‌కు, బ్రిటిష్ మ్యూజియానికీ ఇండియా ఆఫీసు లైబ్రరీకీ పంపి భద్రంగా దాచారు. ఇక్కడి రికార్డుల్లో మిగిలినవి ఇప్పుడు ఢిల్లీ జనపథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో నిషిద్ధ సాహిత్యం పేరిట ఉన్నాయి. తెలుగువీ ఉన్నాయి వాటిలో. పరిశోధకులు ఇవాళ స్వాతంత్య్రోద్యమ కరపత్రాల మీద పనిచేయగలుగుతున్నారంటే ఆ జప్తుల చలవే. నిషేధించినవాడే భద్రపరిచినవాడు కావడం మింగుడుపడని నిజం.

తెలుగునాట ఇలాంటి కథ ‘మాలపల్లి’ది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన నవలను మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించింది. శాసనమండలిలో చర్చ జరిగాక, కొన్ని భాగాలు తొలగించాలన్న షరతు మీద 1928లో వదిలింది. 1936లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెడితే మళ్లీ పట్టుకుంది. మరుసటి ఏడాది రాజాజీ మంత్రివర్గం వచ్చి ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఒకే పుస్తకం ఒకసారి నేరం, ఒకసారి సగం నేరం, ఒకసారి పాఠం, మళ్లీ నేరం. మారింది పుస్తకం కాదని వేరే చెప్పక్కర్లేదు.

హర్‌దయాల్ విషయంలో మాత్రం మనిషే మారాడు. 1914 మార్చిలో అమెరికాలో అరెస్టయి, బెయిలు మీద బయటపడి, స్విట్జర్లాండ్ మీదుగా బెర్లిన్ చేరాడు. యుద్ధకాలంలో జర్మన్లతో కలిసి పనిచేశాడు. వాళ్ల అహంకారం చూసి విసిగిపోయాడు. 1919లో ఏకంగా బ్రిటిష్ సామ్రాజ్యమే భారతదేశానికి మేలని రాసేశాడు. 1920లో జర్మనీ, టర్కీ అనుభవాల మీద లండన్‌లో పుస్తకం వేశాడు. గదర్ వాళ్లు ద్రోహి అన్నారు, వాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గదే. ఇంత రాశాక కూడా ఢిల్లీ రావడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ ముక్క నన్ను ఆలోచనలో పడేస్తుంది. మాటల మీదే కోపమైతే, మాటలు వెనక్కి తీసుకున్నవాణ్ని రానివ్వాలి. రానివ్వలేదంటే మాట ఒక సాకు. దస్త్రంలో పేరెక్కాక దస్త్రమే మాట్లాడుతుంది.

దాదాపు పదేళ్లు స్వీడన్‌లో ఉన్నాడు. ఆ తర్వాత లండన్ వెళ్లి, బౌద్ధ సంస్కృత వాఙ్మయంలో బోధిసత్వ సిద్ధాంతం మీద డాక్టరేట్ పుచ్చుకున్నాడు. ఆ గ్రంథం ఇప్పటికీ పండితులకు పనికొస్తోంది. తేజ్ బహదూర్ సప్రూ, సి.ఎఫ్.ఆండ్రూస్ వంటివారు పట్టుబట్టగా 1938లో ఎట్టకేలకు అనుమతి వచ్చింది. అప్పటికి ఆయన అమెరికాలో ఉపన్యాసాలిస్తున్నాడు. 1939 మార్చి 4న ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు.

పుస్తకాలను గెజెట్ ప్రకటనతో ఆపే ఆ పద్ధతి 1947 తర్వాత పోయిందా అంటే, లేదు. సముద్ర కస్టమ్స్ చట్టం స్థానంలో 1962 కస్టమ్స్ చట్టం వచ్చింది. 19వ సెక్షన్ పని ఇప్పుడు 11వ సెక్షన్ చేస్తోంది. దేశంలో అచ్చయినవాటి జప్తుకు వాడిన నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 99ఏ సెక్షన్, 1973 కోడ్‌లో 95 అయింది, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 98 అయింది. 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్ హోం శాఖ 25 పుస్తకాలను జప్తు చేస్తున్నట్టు ప్రకటించింది దీని కిందే.

11వ సెక్షన్ కథ ఢిల్లీలోనే జరిగింది, కథ కన్నా వింతగా. సల్మాన్ రష్దీ ‘ద సటానిక్ వెర్సెస్’ 1988 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో వెలువడింది. అక్టోబరు 5 నాటి కస్టమ్స్ నోటిఫికేషన్‌తో రాజీవ్ గాంధీ ప్రభుత్వం దిగుమతి ఆపింది. రచయిత మీద కేసు లేదు, పుస్తకం మీద తీర్పు లేదు. ముప్పై ఏళ్లు దాటాక, 2019లో ఒక పాఠకుడు ఢిల్లీ హైకోర్టుకెళ్లాడు. దిగుమతి చేసుకుందామంటే నిషేధం అంటున్నారు, ఆ నోటిఫికేషన్ ఏదో చూపించండన్నాడు. ప్రభుత్వ శాఖలు వెతికాయి. దొరకలేదు. అది రూపొందించినవారు కూడా ప్రతి తేలేకపోయారు. అలాంటి నోటిఫికేషన్ లేదనే భావించాల్సి వస్తోందని, దాని చెల్లుబాటును పరిశీలించేదేమీ లేదని 2024 నవంబరులో జస్టిస్ రేఖా పల్లి, జస్టిస్ సౌరభ్ బెనర్జీ ధర్మాసనం తేల్చింది. దేశమంతా తలవంచిన ఉత్తర్వుకు కాగితం ఆనవాలే లేదు! బ్రిటిష్ వాడు కనీసం గెజెట్ ప్రతి జాగ్రత్తగా దాచుకునేవాడు.

ఆ డిసెంబరులోనే ఖాన్ మార్కెట్‌లోని బాహ్రీసన్స్ పుస్తకాల షాపులో పుస్తకం అమ్మకానికొచ్చింది. అప్పటి ధర 1,999 రూపాయలు. కొనలేనివాడు లైబ్రరీకి పోవాలి. హర్‌దయాల్ లైబ్రరీకి నడక దూరంలోనే ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ ఉంది. యునెస్కో సాయంతో పెట్టినది, 1951 అక్టోబరులో నెహ్రూ ప్రారంభించాడు. పైసా తీసుకోకుండా, అలమర దగ్గరికి పాఠకుణ్నే వెళ్లనిచ్చి, నచ్చిన పుస్తకం చేతికందుకోనివ్వడం ఆ రోజుల్లో కొత్త. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో వెలువడే ప్రతి పుస్తకం ఒక ప్రతిని ప్రచురణకర్త అందజేయాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇప్పుడు అదొకటి. కానీ ఆ చట్టం ఇక్కడ ప్రచురించినవాటికే. ఓడలోనో విమానంలోనో దిగుమతయ్యే పుస్తకాన్ని లైబ్రరీయే కొనుక్కోవాలి. కొనవద్దని ఇప్పుడు ఏ నోటిఫికేషనూ చెప్పడం లేదు, కొనమని ఏ చట్టమూ చెప్పదు. అది కొనుగోలు కమిటీ ఇష్టం. ఆ కమిటీ ఏది కొన్నదీ జాబితాలో ఉంటుంది. ఏది వద్దనుకుందో మాత్రం ఏ గెజెట్‌లోనూ పడదు.