ఫలితం చూసి ఇచ్చే సొమ్ము: హొసకోటె సీమలో బడుల సహాయ నిధుల చరిత్ర

బెంగళూరుకు తూర్పున కోలారు దారిలో ఉన్న హొసకోటె తాలూకా విద్యాచరిత్రను గానీ, ఆ దారి వెంట ఇంకా ముందుకు పోతే వచ్చే తెలుగు సీమల విద్యాచరిత్రను గానీ తడిమినవారు, బడికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు చెబుతూ వచ్చారు. పూర్వం మాన్యాలూ దేవాలయాలూ బడిని పోషించాయనీ, కంపెనీ పాలన ఆ పోషణను తెంచివేసిందనీ ఒక వాదం. 1854 నాటి ఉడ్ విద్యాపత్రంతో సహాయ నిధి, అంటే ఇతరులు నడిపే బడికి కొన్ని షరతులపై ఖజానా ఇచ్చే సొమ్ము, మొదలైందనీ, మైసూరు దివానుల ఉదారత దానిని ఊరూరికీ చేర్చిందనీ రెండవ వాదం. రెండింటిలోనూ నిజం ఉంది గానీ రెండూ దాత ఎవరన్న దగ్గరే ఆగిపోతాయి. ఆ సొమ్ము పనికి ముందే అందేదా, పని ముగిసి పరీక్ష జరిగాక అందేదా, అయ్యవారి చేతికి వచ్చేదా, గోడలకు పోయేదా అన్న సంగతులు చూడనిదే, పక్కపక్కనే ఉన్న రెండు సీమల బడులు వేరు వేరు దారులు ఎందుకు పట్టాయో, నేడు నిధుల కోసం దరఖాస్తు పెట్టుకొనే హెడ్మాస్టరు అవస్థకు మూలాలు ఎక్కడున్నాయో బోధపడదు.

తొలి దశలను గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. 16వ శతాబ్దం చివర సుగటూరు తిమ్మేగౌడ కట్టించిన కొత్త కోట వల్ల ఊరికి ఆ పేరు వచ్చింది. ఈ తాలూకా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా 9వ సంపుటంలో బి.ఎల్. రైస్ ప్రకటించాడు. దక్షిణాదిలో ఇటువంటి దానశాసనాలలో ఎక్కువగా కనబడేవి గుడికీ అగ్రహారానికీ చెరువుకూ ఇచ్చిన భూములే. అగ్రహారంలో వేదమూ శాస్త్రమూ చెప్పేవారికి మాన్యం ఉండేది. రైతుల పిల్లలకూ వర్తకుల పిల్లలకూ ఇసుకలో అక్షరాలు దిద్దించే వీధిబడి అయ్యవారికి సాధారణంగా అటువంటి ఆసరా లేదు. ఆయన జీవనం పిల్లల తండ్రులు ఇచ్చే గింజల మీద, కొద్దిపాటి రొక్కం మీద, పండుగ మామూళ్ళ మీద సాగేది. తెలుగు నాట దసరాకు పిల్లలు గిలకలు పట్టుకొని, అయ్యవారి వెంట ఇంటింటికీ పోయి పద్యాలు పాడేవారు. గృహస్థు అయ్యవారికి కట్నమూ పిల్లలకు పప్పుబెల్లాలూ ఇచ్చేవాడు. బడి తన నిధిని తానే సమకూర్చుకొనే పద్ధతి అది; ఊరంతా ఏడాదికి ఒకసారి తమ పిల్లల చదువును గుమ్మంలో నిలబెట్టి విని, విన్నందుకు ఇచ్చిన సొమ్ము అది.

మాన్యాల వాదాన్ని పరీక్షించడానికి బళ్ళారి లెక్క ఒక్కటి చాలు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆదేశంపై జరిగిన విద్యా గణనలో, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు ఉన్నాయి; వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, చదివే పిల్లలు 6,641 మంది. ఈ బడులలో ఒక్కదానికీ ప్రభుత్వ పోషణ లేదని క్యాంప్‌బెల్ సిగ్గుపడుతూ రాశాడు. ధరంపాల్ 1983లో ఈ నివేదికలను తిరిగి వెలుగులోకి తెచ్చినప్పటి నుంచి ఆ వాక్యాన్ని పోయిన వైభవానికి సాక్ష్యంగా చదవడం అలవాటైంది. క్యాంప్‌బెల్ కూడా పూర్వం రాజుల దానాలు ఉండేవనే నమ్మాడు కనుక ఆ పఠనం నిరాధారమని అనరాదు. అయితే అదే వాక్యంలో మరొక నిజం ఉంది: ఖజానా నుంచి కాసు రాకుండానే 533 బడులు నడిచాయి. వాటిని నిలబెట్టింది తల్లిదండ్రులు. ఆ కుటుంబాలు పేదబడితే బడి మూతపడేదని కూడా ఆ నివేదికే చెబుతుంది. అందుచేత వీధిబడిని రాజపోషిత సంస్థగా చిత్రించడం కంటే, ఊరి పంటతో పాటు పెరిగి, ఊరి కరువుతో పాటు కుంగిన సంస్థగా చూడడం సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది.

అసలు చర్చించవలసిన కాలం 1860ల నుంచి 1904 వరకు. హొసకోటె నుంచి తూర్పుగా కోలారు, ముళబాగిలు దాటితే పలమనేరు, పుంగనూరు సీమ వస్తుంది. మనుషులూ పంటలూ భాషా పెద్దగా మారవు గానీ, ఆ రోజుల్లో ఏలుబడి మారేది. ఇటువైపు 1831 నుంచి 1881 వరకు బ్రిటిష్ కమిషనర్లు నడిపిన మైసూరు, అటువైపు మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లా. బడికి సాయం చేయాలని రెండు ప్రభుత్వాలూ అనుకున్నాయి. సాయం చేసిన తీరులోనే తేడా వచ్చింది.

మద్రాసు ప్రభుత్వం 1860ల చివరి నుంచి ప్రాథమిక బడులకు ఫలితాలను బట్టి చెల్లించే పద్ధతిని విస్తరించింది. ఇంగ్లండులో రాబర్ట్ లో (Lowe) 1862లో తెచ్చిన నియమావళికి ఇది దాయాది. ఇన్‌స్పెక్టింగ్ అధికారి ఏడాదికి ఒకసారి వచ్చి, తగినన్ని రోజులు బడికి వచ్చిన పిల్లలను చదవడంలో, రాయడంలో, లెక్కల్లో పరీక్షించి, నెగ్గిన ప్రతి తలకూ తరగతిని బట్టి ఇంత అని లెక్కగట్టేవాడు. ఆడపిల్ల నెగ్గితే రేటు ఎక్కువ. 1871 స్థానిక నిధుల చట్టం తరువాత ఈ సొమ్ములో చాలా భాగం స్థానిక బోర్డుల నుంచి వచ్చేది. కాగితం మీద ఇది న్యాయంగానే కనబడుతుంది. తిన్నె మీద కూర్చున్న అయ్యవారి వైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఏడాది పొడుగునా పిల్లల తండ్రుల మీదనే ఆధారపడి బతికి, పరీక్ష నాటికి ఊళ్ళో మశూచి వచ్చినా, వేరుశనగ పీకుళ్ళకు పిల్లలు చేలకు పోయినా, ఆయనకు రావలసింది వచ్చేది కాదు. నెమ్మదిగా చదివే పిల్లవాడి మీద పెట్టిన శ్రమకు ప్రతిఫలం లేదు కాబట్టి నెగ్గగలవాడికే బోధించడమూ, చదువును పరీక్షాంశాలకు కుదించడమూ ఆ పద్ధతిలోనే ఇమిడి ఉన్నాయి. 1882 నాటి హంటర్ కమిషన్ దేశీయ బడులకు ఇదే పద్ధతిని సిఫారసు చేసింది. కర్జన్ కాలంలో 1904 విద్యా తీర్మానం దానిని తప్పుబట్టిన తరువాతే అది వెనుకపట్టు పట్టింది.

మైసూరులో 1868లో రైస్ ప్రతిపాదించిన హోబళి బడుల పథకం మరొక తీరుది. హోబళి అంటే తాలూకాలో కొన్ని గ్రామాలు కలిసిన రెవెన్యూ విభాగం. నేటి హొసకోటె తాలూకాలో కసబా, సూలిబెలె, అనుగొండనహళ్ళి, జడిగేనహళ్ళి, నందగుడి అనే అయిదు ఉన్నాయి. హోబళికి ఒక బడి ఉండాలనీ, బడి ఇంటిని గ్రామస్థులు సమకూర్చాలనీ, అయ్యవారికి శిక్షణ ఇచ్చి నెలజీతం సర్కారు చెల్లించాలనీ ఆ పథకం సారం. భూమి శిస్తుతో పాటు వసూలు చేసే స్థానిక పన్నులో ఒక వాటా తరువాత దీనికి మళ్ళింది. దానశాసనాల అక్షరాలను జీవితమంతా చదివిన మనిషే, దానం ఎవరి చేతికి అందితే నిలుస్తుందో ఇంత స్పష్టంగా గ్రహించడం గమనించదగిన విషయం. గోడలు ఊరివి, జీతం సర్కారుది అన్న ఈ విభజనే మైసూరు ప్రాథమిక విద్యకు అసలు పునాది అని ఈ వ్యాసం వాదిస్తుంది. దివానుల ఉదారత అనేది ఆ పునాది మీద లేచిన అంతస్తు మాత్రమే.

ఈ వాదానికి హద్దులు లేకపోలేదు. ఇల్లు కట్టి ఇవ్వగల ఊరికే బడి వచ్చింది కనుక, చెరువు కింద తరి భూమి ఉన్న ఊరు ముందు నిలిచి, మెట్ట పల్లె వెనుకబడింది. ఊరు ఇచ్చిన ఇల్లు ఊరి పెద్దల వీధిలోనే ఉండేది గనుక వాడల పిల్లలకు దాని గడప దూరమే అయింది. మద్రాసు పద్ధతి, ఎన్ని దోషాలున్నా, తక్కువ ఖర్చుతో ఎక్కువ వీధిబడులను లెక్కలోకి తెచ్చిందన్నదీ ఒప్పుకోవాలి. పైగా 1876-78 కరువు రెండు పద్ధతులనూ కుదిపివేసింది. 1871లో 50,55,412గా ఉన్న మైసూరు జనసంఖ్య 1881 నాటికి 41,86,188కి పడిపోయింది. శిస్తు మీద ఆధారపడిన నిధి, శిస్తు కట్టేవాడే లేనప్పుడు నిలిచే వీలు లేదు. అయినా కరువు గడిచాక జీతం ఉన్న అయ్యవారు తిరిగి బడి తెరవగలడు. ఫలితం మీద బతికేవాడు మాత్రం పిల్లలు తిరిగి వచ్చి, నేర్చి, పరీక్ష నెగ్గేదాకా ఆగవలసి వస్తుంది. రెండు పద్ధతుల తేడా నిలువుగా బయటపడేది ఇక్కడే.

20వ శతాబ్దపు కథ ఎక్కువమందికి తెలిసినదే. 1905లో లింగాయతుల విద్యానిధి, 1906లో వక్కలిగర సంఘం ఏర్పడి, తమ కులాల విద్యార్థులకు హాస్టళ్ళూ విద్యార్థి వేతనాలూ సమకూర్చే పనికి పూనుకున్నాయి. పల్లె నుంచి బెంగళూరు వచ్చి చదువుకొనే యువకుడికి ప్రభుత్వ సహాయం కంటే ముందు దొరికిన నీడ ఇదేనని చెప్పవచ్చు, ఆ నీడ సంఘం లేని కులాల పిల్లలకు దొరకలేదని కూడా చెప్పాలి. 1913 నిర్బంధ విద్యా చట్టం, 1930లో ప్రాథమిక బడులను స్థానిక సంస్థలకు అప్పగించిన చట్టం, 1941లో వాటిని తిరిగి ప్రభుత్వమే తీసుకోవడం వరుసగా జరిగాయి. స్థానిక సంస్థలు పదేళ్ళలోనే చేతులెత్తేయడానికి వాటి అసమర్థతను కారణంగా చూపడం పరిపాటి. బాధ్యత బదిలీ అయినంతగా ఆదాయ వనరులు బదిలీ కాలేదన్నది అంతకంటే బలమైన కారణంగా తోస్తుంది.

రాజ్యాంగం 30వ అధికరణం రెండవ ఖండం, సహాయ నిధి ఇవ్వడంలో భాషా మైనారిటీల సంస్థలపై వివక్ష చూపరాదని శాసించింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన ఈ సీమకు అది చిన్న హక్కు కాదు. కానీ నిధే లేనప్పుడు వివక్ష ప్రసక్తి రాదు. 1987 తరువాత తెరిచిన ప్రైవేటు బడులకు సహాయ నిధి నిరాకరించే విధానాన్ని కర్ణాటక చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎయిడెడ్ సంస్థలు నిధినీ, సిబ్బందినీ వదులుకొనే ఏర్పాటు వచ్చి, తల్లిదండ్రుల నిరసనలకు దారితీసింది. 1854లో మొదలైన పద్ధతి ఇరువైపులా ఇలా కుంచించుకుపోతుండగా, దాని స్థానంలో వచ్చినవి చిన్న మొత్తాలు.

నేటి సమగ్ర శిక్షా నియమాల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న ప్రభుత్వ బడికి ఏడాదికి 25,000 రూపాయల మిశ్రమ నిధి, ప్రాథమిక బడికి ఆటల కోసం 5,000 రూపాయలు రావాలి. మిశ్రమ నిధిలో కనీసం 10 శాతం పారిశుద్ధ్యానికి పోవాలి. అంటే 2,500 రూపాయలు, నెలకు 208. ఆ 208 రూపాయలలో మరుగుదొడ్లు కడిగే మనిషి కూలి, ఫినాయిలు, చీపుర్లు, సబ్బు అన్నీ ఇమడాలి. మిగిలిన దానిలో సుద్దముక్కలు, కరెంటు బిల్లు, కారిన కప్పు మరమ్మతు. ఈ సొమ్ము కూడా చాలా చోట్ల విద్యా సంవత్సరం చివరకు వస్తుంది. మార్చి 31 లోపు ఖర్చు పెట్టి వినియోగ ధ్రువపత్రం పంపాలన్న ఒత్తిడిలో హెడ్మాస్టరు అవసరమైనది కాక, దొరికినది కొంటాడు. 2001లో కర్ణాటక ఏర్పరచిన పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సమితి, అంటే తల్లిదండ్రులతో కూడిన ఎస్.డి.ఎం.సి., ఈ ఖాతాకు సంతకందారుగా మిగిలింది గానీ, నిర్ణయించేంత సొమ్ము దానికి ఎన్నడూ అందలేదు.

ఆ లోటును కంపెనీలు తీరుస్తాయన్న ఆశ 2014 ఏప్రిల్ 1 నుంచి బలపడింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న సంస్థ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. హొసకోటెలో వోల్వో, కోలారు దారిలో నరసాపురలో హోండా వంటి కర్మాగారాలున్న ఈ పట్టీకి అది వరమే. తాను పనిచేసే ప్రాంతానికి కంపెనీ ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది గనుక, ఫ్యాక్టరీ గోడ పక్కనున్న బడికి రంగులూ బల్లలూ వచ్చే అవకాశం ఎక్కువ, బాగేపల్లి, పావగడ పల్లెలకు తక్కువ. ఇల్లు కట్టగల ఊరికే బడి వచ్చిన 1868 నాటి లోపం ఇప్పుడు ఫ్యాక్టరీ ఉన్న ఊరికే నిధి రావడంగా మారింది. ఆనాడు ఉన్న నెలజీతం అనే సగం మాత్రం ఇందులో లేదు.

యువజన సంఘాల స్థితి ఇంకా కఠినం. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు ఊరి యువక సంఘాన్ని గుర్తించి, బంతులూ వలా ఇచ్చి, తాలూకా పోటీలకు పిలిచేవి. సాయం కొద్దిదే అయినా నిన్న మొన్న పుట్టిన సంఘానికి కూడా అందేది. కంపెనీ నిధి కోరే స్వచ్ఛంద సంస్థకు 12ఎ, 80జి నమోదులు, సి.ఎస్.ఆర్-1 నమోదు, కనీసం మూడేళ్ళ పని చరిత్ర ఉండాలి. విదేశాల్లోని తెలుగువారి సంఘం నుంచి విరాళం రావాలంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి కావాలి. 2020 సవరణ తరువాత, అనుమతి ఉన్న పెద్ద సంస్థ ఆ సొమ్మును అనుమతి ఉన్న చిన్న సంస్థకు కూడా పంచరాదు. దుర్వినియోగాన్ని అరికట్టాలన్న ఉద్దేశం సరైనదే. కానీ ముందు పని చూపించు, తరువాత సొమ్ము తీసుకో అనే షరతు, తలకింత అని లెక్కగట్టిన ఆ పాత పరీక్షనే మళ్ళీ నిలబెడుతోంది. నిలదొక్కుకున్నవాడికే అది ఆసరా అవుతుంది.

కంపెనీల సామాజిక బాధ్యత సొమ్ముతో నడిచే కొనసాగే ప్రాజెక్టుకు 2021 నియమాలు పెట్టిన గడువు, మొదలైన సంవత్సరం కాక మూడేళ్ళు. ఒక పిల్ల ఒకటవ తరగతిలో చేరిన ఏడాది కంపెనీ సొమ్ముతో వచ్చిన ఇంగ్లీషు పంతులమ్మ, ఆ పిల్ల అయిదవ తరగతికి వచ్చేసరికి ఉండకపోవచ్చు. ఆమె స్థానంలో ప్రభుత్వం జూన్‌లో తీసుకొని ఏడాది చివర పంపివేసే అతిథి ఉపాధ్యాయుడు వస్తాడు. హోబళి బడి అయ్యవారికి 150 ఏళ్ళ కిందట నెలజీతం మీద ఉన్న ధీమా ఆయనకు లేదు. తరగతి గది గోడ మీద మాత్రం దాత పేరు చెరగని రంగుతో రాసి ఉంటుంది.