పార్శ్వనొప్పి

సంస్కృతంలో పర్శువంటే పక్కటెముక. దాని నుంచి పార్శ్వం, అంటే పక్క. దానికి మన నొప్పిని తగిలించి పార్శ్వనొప్పి అన్నాం. ఒంటి కణత నొప్పి అన్నా ఇదే. సుశ్రుత సంహితలో దీని పేరు అర్ధావభేదకం, సగం తలను చీల్చేదని. గ్రీకులు కూడా సగం పుర్రె అనే అర్థంలోనే హెమిక్రానియా అన్నారు. అది లాటిన్ మీదుగా ఫ్రెంచిలోకి వెళ్లి, ముందున్న ‘హె’ రాలిపోయి, మైగ్రేన్‌గా మన మందులచీటీ మీదికొచ్చింది.

పేరు బాగుంది గానీ చిక్కు కూడా పెట్టింది. ‘రెండు కణతలూ లాగుతున్నాయి, కాబట్టి ఇది పార్శ్వనొప్పి కాదు’ అనుకునేవాళ్లున్నారు. నిజానికి రెండు వైపులా రావచ్చు. పోపు వాసనకే కడుపులో తిప్పడం, ట్యూబులైటు కళ్లలో గుచ్చుకోవడం, తలకు తువ్వాలు బిగించి, కణతలకు శొంఠి పట్టు వేసుకుని తలుపులు మూసిన గదిలో పడుకోవడం... పార్శ్వనొప్పి ఉన్న ఇంట్లో వీటిని వేరే చెప్పక్కర్లేదు.

దీనికి తరచు తోడొచ్చే ఒళ్లునొప్పుల జబ్బు ఫైబ్రోమయాల్జియాకు ఇంత పాత పేరు లేదు. 1904లో లండన్ వైద్యుడు విలియం గోవర్స్ ఫైబ్రోసైటిస్ అన్నాడు. కండరాల్లో వాపు కనబడకపోవడంతో 1970లలో వాపును చెప్పే ‘ఐటిస్’ తోక తీసేసి, గ్రీకులో నొప్పిని చెప్పే ఆల్జియా తగిలించారు. రక్తపరీక్షలో దొరకదు కాబట్టి ఇంట్లోవాళ్లు బద్ధకం అనేస్తారు. అన్యాయం. తెలుగులో ఆ జబ్బుకు పేరు లేకపోయినా బాధకు మాటల కొదవ లేదు: పోటు, సలుపు, తీపు, గుంజుడు. డాక్టరు దగ్గర ఉత్త ‘నొప్పి’ అని ఊరుకోకండి, అందులో ఏదో విడమరిచి చెప్పండి.