మెదడు నాళం ప్రయోగశాలకు ఎలా వచ్చింది

1970ల్లో పారిస్‌లో మరీ-జెర్మేన్ బూసర్ అనే న్యూరాలజిస్ట్ దగ్గరికి ఒక రోగి వచ్చాడు. చిన్న చిన్న స్ట్రోకులతో బాధపడుతున్నాడు. ఈ తరహా జబ్బు డాక్టర్లు ఎరగనిదేమీ కాదు. మెదడు లోలోపలి సన్నని రక్తనాళాలు మందమై, దారి ఇరుకై, చుట్టూ ఉన్న తెల్ల పదార్థం పాడైపోవడం గురించి ఒట్టో బిన్స్‌వాంగర్ 1894లోనే రాశాడు. ఏళ్ల తరబడి బీపీ ముదిరిన వాళ్లలో అది కనిపించేదే. అయితే ఈ మనిషికి బీపీ లేదు.

బూసర్ ఆ కేసును వదల్లేదు. తర్వాతి కాలంలో అదే కుటుంబంలో మరికొందరికి అవే లక్షణాలు బయటపడ్డాయి. ఎమ్మారై అందుబాటులోకి వచ్చాక బంధువులందరినీ పిలిచి పరీక్షిస్తే, పైకి ఏ జబ్బూ లేని కొందరి మెదళ్లలో కూడా తెల్ల పదార్థం దెబ్బతిని ఉంది. అంటే జబ్బు వంశంలో నడుస్తోంది, లక్షణాల కంటే చాలా ముందే మొదలవుతోంది. జన్యు శాస్త్రవేత్త ఎలిజబెత్ టూర్నియే-లాసెర్వ్‌తో కలిసి వెతుకుతూ పోతే 1993లో 19వ క్రోమోజోమ్ దగ్గర ఆచూకీ దొరికింది. 1996లో ఆన్ జూటెల్ ముందుండి రాసిన పరిశోధనా పత్రంలో జన్యువు పేరు తేలింది: నాచ్3. ఆ జబ్బుకు కాడసిల్ అని పేరు పెట్టారు. కొందరిలో ముప్పై ఏళ్ల వయసులో మైగ్రేన్‌గా మొదలవుతుంది; నలభై, యాభైలలో స్ట్రోకులు తెచ్చి, చివరికి మతిని హరిస్తుంది. ఈ ముగ్గురికీ, వాళ్ల సహచరుడు హ్యూగ్ షాబ్రియాకూ కలిపి 2019లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.

ఈ కథలో నన్ను పట్టి ఆపే విషయం ఒకటుంది. పెద్దయ్యాక నాచ్3 ప్రధానంగా పనిచేసేది నాడీ కణాల్లో కాదు. చిన్న ధమనుల గోడల్లోని కండర కణాల్లోనూ, కేశనాళికలను పట్టుకుని ఉండే పెరిసైట్లనే కణాల్లోనూ. ఈ రెంటినీ కలిపి గోడ కణాలు అందాం. పోయేది జ్ఞాపకం, తప్పు మాత్రం రక్తనాళం గోడలో ఉంది. మతిమరుపు అనగానే నాడీ కణాల వైపే చూసే అలవాటున్న వైద్యానికి ఇది గట్టి పాఠం.

కాడసిల్ అరుదైన జబ్బే. కానీ మెదడు నాళాలు దెబ్బతిని మతి తగ్గే వాస్క్యులర్ డిమెన్షియా అరుదైనది కాదు, అల్జీమర్స్ తర్వాత ఎక్కువగా కనిపించే డిమెన్షియా ఇదే. మన ఇళ్లలో కూడా తెలిసిన సంగతే. పెద్దాయనకు పక్షవాతం వచ్చి తగ్గింది, నడుస్తున్నాడు కూడా, కానీ లెక్కలు తప్పుతున్నాడు, మాట వెతుక్కుంటున్నాడు, చేసే పనిలో చురుకు పోయింది. ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటాం. మన దేశంలో 60 దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, ఏదో ఒక రకం డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలోనూ వాస్క్యులర్ డిమెన్షియా రోగులు గణనీయంగానే ఉన్నారు. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని తేల్చిన అధ్యయనం అదే.

జన్యువు దొరికింది సరే, అది గోడను ఎలా పాడుచేస్తుందో చూడాలంటే ఎక్కడ చూడాలి? బతికున్న మనిషి మెదడులోంచి నాళం ముక్క కోసి తీయలేం. చనిపోయాక తీస్తే కనిపించేది జబ్బు చివరి అంకం మాత్రమే, ఎలా మొదలైందో తెలియదు. ఎలుకల్లో ఆ జన్యు మార్పును పెట్టి చూశారు. నాళాల్లో మార్పులు వచ్చాయి గానీ, మనుషుల్లో వచ్చే స్ట్రోకులు, మతిమరుపు అదే తీరున రాలేదు. పైగా మనిషి మెదడులో దాదాపు సగం ఉండే తెల్ల పదార్థం ఎలుక మెదడులో చాలా తక్కువ. జబ్బు దెబ్బకొట్టే చోటే వాటిలో కొంచెం అయినప్పుడు ఎలుక ఎంతవరకు చెప్పగలదు?

దారి జపాన్‌లో తెరుచుకుంది. క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి అడిగిన ప్రశ్న వేరు: ఒకసారి చర్మ కణమైన దాన్ని మళ్లీ ఏ కణంగానైనా మారగల తొలి దశకు తీసుకుపోవచ్చా? అందుకు పనికొస్తాయనిపించిన 24 జన్యువులను ఎంచారు. ఎలుక చర్మ కణాల్లో ఒక్కొక్కటిగా పెడితే ఫలితం లేదు. 24నూ ఒకేసారి పెడితే కొన్ని కణాలు మారాయి. అప్పుడు ఒక్కో జన్యువును తప్పించి మిగతా 23తో ప్రయోగం చేస్తూ పోయారు. దేన్ని తప్పిస్తే పని ఆగిపోతుందో అది కావలసిన జన్యువు. అలా వడపోయగా చివరికి నాలుగు మిగిలాయి. 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో ఈ పని సాధించారు. 2012 నోబెల్ బహుమతిని యమనాకా, దశాబ్దాల ముందు కప్పలతో ఈ ఆలోచనకు పునాది వేసిన జాన్ గర్డన్ పంచుకున్నారు.

దాంతో, పిండం జోలికి పోకుండానే, రోగి చర్మం ముక్క నుంచి అతడి సొంత జన్యు సామగ్రి ఉన్న మూలకణాలు చేసుకునే వీలు కలిగింది. వాటిని నాళం కణాలుగా మారిస్తే, ఆ రోగి మెదడులో తొంగిచూడలేని చోటును పళ్లెంలో చూడొచ్చు. రాయడానికి ఇది ఒక్క వాక్యమే గానీ, చేయడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదటి చిక్కు గోడ కణాల పుట్టుక. శరీరంలోని నాళాల కండర కణాలన్నీ పిండంలో ఒకే చోటు నుంచి రావు. ఈ సంగతి తెలిసిన తీరు ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో నికోల్ ల దువారెన్ కంజు పిట్ట పిండం నుంచి కణాలు తీసి కోడి పిండంలో అతికించే పద్ధతి కనిపెట్టారు. కంజు కణం కేంద్రకానికి రంగు వేస్తే లోపల ఒక చిక్కటి మచ్చ కనిపిస్తుంది, కోడి కణంలో అది ఉండదు. ఆ మచ్చను బట్టి ఏ కణం ఎక్కడికి వలస పోయిందో సూక్ష్మదర్శినిలో వెతికి పట్టుకోవచ్చు. అలా 2001లో ఆమె బృందం చూపించిందేమంటే, ముఖానికీ మెదడు ముందు భాగానికీ వెళ్లే నాళాల గోడ కణాలు నాడీ శిఖ అనే పిండ భాగం నుంచి వస్తాయి. గుండె దగ్గరి నాళాలన్నిటికీ అది వర్తించదు. కాబట్టి ఏదో ఒక కండర కణం తయారుచేసి మెదడు నాళం అనేస్తే చెల్లదు. కేంబ్రిడ్జ్‌లో సంజయ్ సిన్హా బృందం 2012లో మూలకణాలను మూడు వేర్వేరు పిండ మార్గాల్లో నడిపించి, నాడీ శిఖ దారితో సహా, మూడు రకాల కండర కణాలు చేసి చూపింది.

రెండో చిక్కు నాళం లోపలి పొర. పాల్ ఎర్లిచ్ 1885లో జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకు పట్టలేదు. మెదడు నాళాల లోపలి కణాలు పక్కపక్కనే గట్టిగా అతుక్కుని, రక్తంలోని ప్రతిదాన్నీ లోపలికి రానివ్వవని తర్వాత అర్థమైంది. ఈ గట్టితనాన్ని ప్రయోగశాలలో కొలిచే తీరు చిన్నదే. అడుగున సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్ గిన్నె ఒకటి మరో గిన్నెలో వేలాడుతుంది. దాని అడుగున కణాలను ఒక పొరగా పెంచుతారు. పొరకు పైన ఒక ఎలక్ట్రోడ్, కింద ఒకటి. కణాల సందుల్లోంచి విద్యుత్తు ఎంత కష్టపడి వెళ్తే పొర అంత గట్టిది. అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ షుస్టా, షాన్ పలెచెక్, ఈథన్ లిప్‌మన్ తదితరులు మనిషి మూలకణాల నుంచి చేసిన పొర, పక్కన ఆస్ట్రోసైట్లనే మెదడు సహాయక కణాలను పెడితే, 1,450 ఓమ్-చదరపు సెంటీమీటర్ల దాకా నిరోధం చూపిందని 2012లో ప్రకటించారు. జంతువుల నాళ కణాలను పెంచితే సాధారణంగా అంతకంటే చాలా తక్కువ వచ్చేది. ఎన్నో ప్రయోగశాలలు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి.

2019లో మాంచెస్టర్‌లో టావో వాంగ్ బృందం ఈ పనిముట్లను కాడసిల్‌ మీదికి తిప్పింది. రోగుల చర్మం నుంచి మూలకణాలు, వాటి నుంచి గోడ కణాలు. వాటిని నాళపు లోపలి కణాలతో కలిపి పెంచారు. ఆరోగ్యవంతుల గోడ కణాలు ఉన్నచోట సన్నని గొట్టాల వల నిలబడింది. రోగుల గోడ కణాలు ఆ గొట్టాలను పట్టుకోలేకపోయాయి. పందిరి కూలితే తీగ నేలపాలైనట్టు, వల చెదిరిపోయింది. గోడ కణం తన చోటు పట్టుకోవడానికి అవసరమైన పీడీజీఎఫ్ఆర్-బీటా అనే గ్రాహకం తగ్గింది, నాళాన్ని పోషించే వీఈజీఎఫ్ స్రావం తగ్గింది, కణాలు తేలిగ్గా చనిపోతూ పక్కవాటినీ చంపుతున్నాయి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది చివరి ప్రయోగం. ఆ కణాల్లో నాచ్3 మోతాదును తగ్గిస్తే గ్రాహకం తిరిగి పెరిగింది, గొట్టాలు కుదుటపడ్డాయి. అంటే జబ్బు చేస్తున్నది ఒక ప్రొటీన్ కొరత కాదు, చెడిపోయిన ప్రొటీన్ ఉనికి. మందు ఏ వైపు వెతకాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంతలో విస్కాన్సిన్ పద్ధతి మీద పెద్ద ప్రశ్న లేచింది. 2021లో రఫాయెల్ లిస్ తదితరులు ఆ కణాల్లో పనిచేస్తున్న జన్యువులను వరసపెట్టి చదివారు. రక్తనాళ కణాలకు ఉండితీరాల్సిన గుర్తులు లేవు. ఉన్నవి ఎపిథీలియం గుర్తులు, అంటే పేగు లోపలి పొర వంటి కణజాలాల కోవకు చెందినవి. ఎపిథీలియం కూడా గట్టిగా అతుక్కునే పొరే కాబట్టి విద్యుత్ కొలత దాన్ని పట్టుకోలేకపోయింది. ఈటీవీ2, ఎఫ్ఎల్ఐ1, ఈఆర్‌జీ అనే మూడు అంశాలను చేరిస్తే అవి నిజమైన నాళ కణాల వైపు మళ్లాయి. తొమ్మిదేళ్ల పాటు ఎందరో వాడిన కణాలకు వేరే గుర్తింపు తేలడం చిన్న దెబ్బ కాదు. అయినా షుస్టా, పలెచెక్‌ల బృందమే అదే ఏడాది, ముందుగా నికరమైన నాళ కణాలను తయారుచేసి, వాటికి డబ్ల్యుఎన్‌టీ సంకేతం అందించి మెదడు నాళ లక్షణాలు రప్పించే దారి పట్టింది. ఈ రంగం మీద నా నమ్మకం పెరిగింది ఈ దిద్దుబాటు చూశాకే. ఏ కొలతనైనా, అది దేన్ని కొలుస్తోందో తేల్చుకోకుండా నమ్మరాదని ఇప్పుడు వాళ్లందరికీ తెలుసు.

ఎంఐటీలో లీ-హ్వే త్సాయ్ బృందం 2020లో నాళ కణాలు, పెరిసైట్లు, ఆస్ట్రోసైట్లు మూడూ కలిపి పెంచింది. అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ4 జన్యు రూపాన్ని ఒక్కో రకం కణంలో మార్చి మార్చి పెట్టి, నాళాల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడానికి మూలం పెరిసైట్లేనని పట్టుకుంది. అవయవ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్ ఆ పేరుకుపోవడాన్ని తగ్గించింది. కేంబ్రిడ్జ్‌లో అలెస్సాండ్రా గ్రనాటా బృందం 2023లో కొలాజెన్-4 జన్యువులు చెడిన రోగుల కణాలను పరిశీలిస్తే, అక్కడా దోషం గోడ కణాల దగ్గరే తేలింది. నాళం కింది పొరను కరిగించే ఎంజైములు అతిగా పనిచేస్తున్నాయి, వాటిని అడ్డుకుంటే పొర కోలుకుంది. ఇవన్నీ పళ్లెంలో, కొంతవరకు ఎలుకల్లో. సైక్లోస్పోరిన్ రోగ నిరోధక శక్తిని అణిచే మందు, దీన్ని చదివి మింగేది కాదు.

పళ్లెం నాళానికి పెద్ద లోటు ఒకటుంది. చర్మ కణాన్ని తొలి దశకు తీసుకుపోతే దాని వయసు గుర్తులు కూడా చాలావరకు చెరిగిపోతాయి. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడే జబ్బును పసి కణాల్లో వెతుకుతున్నారన్నమాట. కాడసిల్ కణాల్లో తేడా అంత త్వరగా కనిపించిందంటే జబ్బు పునాది ఎంత ముందే పడుతోందో ఆలోచించాలి. బీపీ, షుగర్ వల్ల వచ్చే మామూలు వాస్క్యులర్ డిమెన్షియాలో మాత్రం దశాబ్దాల ఒత్తిడే ముఖ్య కారణం. దాన్ని పళ్లెంలోకి తేవడం ఇంకా మిగిలిన పనే.

ఇదంతా చదివి ఎవరైనా మూలకణాల ఇంజెక్షన్‌తో నాన్నగారి మతిమరుపు నయం చేస్తామంటే దయచేసి నమ్మకండి. ఈ వ్యాసంలో చెప్పిన మూలకణాలు జబ్బును చూడటానికే, ఏ రోగి ఒంట్లోకీ ఎక్కించలేదు. రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావి ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయనీ, ఆమోదించిన క్లినికల్ ట్రయల్ బయట వాటిని వాడరాదనీ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఈ రోజు చేతిలో ఉన్న సాధనం బీపీ మిషన్. అమెరికాలో 9,000 మందికి పైగా పాల్గొన్న స్ప్రింట్ అధ్యయనంలో పై అంకెను 120 లోపు ఉంచిన వాళ్లకు, 140 లోపు ఉంచిన వాళ్లతో పోలిస్తే, తేలికపాటి మతి తగ్గుదల సుమారు 19 శాతం తక్కువగా వచ్చింది. డిమెన్షియా విషయంలో మాత్రం తేడా రుజువయ్యేంత రాలేదు. మీకు ఏ అంకె తగినదో మీ డాక్టరే చెప్పాలి. యాభై దాటిన వాళ్లు ఇంట్లో ఉంటే ఈ వారంలోనే బీపీ చూపించండి, రాసిచ్చిన మాత్రలు ఒంట్లో బాగుందని మధ్యలో మానకండి.