కోతి మెడలో తాడు

తెలుగులో కోతి గురించి ఒక్క మంచి మాట ఉందేమో వెతికి చూడండి. (ఆంజనేయస్వామిని పక్కన పెట్టండి, ఆయన సంగతి వేరు.) నిప్పు తొక్కిన కోతి, కల్లు తాగిన కోతి, కోతికి కొబ్బరికాయ దొరికినట్టు... అన్నీ ఇలాంటివే. అలాంటిది సాఫ్ట్‌వేర్ వాళ్ళు కోతికి ఉద్యోగం ఇచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఏం ఉద్యోగమంటారా? శుభ్రంగా పనిచేస్తున్నవాటిని చెడగొట్టడం. దీన్నే ఇప్పుడు గంభీరంగా కేయాస్ ఇంజినీరింగ్ అంటున్నారు.

ఈమధ్య ఓ క్లయింటు వాళ్ళ కూబర్నెటీస్ క్లస్టర్లో ఇలాంటి పనిముట్టు ఒకటి ఇన్‌స్టాల్ చేశాను. ఈ పని గురించి చెబితే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "బాగున్నదాన్ని చేజేతులా పాడు చేసుకోవడం ఎందుకు?" జవాబు కోసం పాత సంగతులు తిరగేస్తే, నాకు కోతి కన్నా దాని మెడలో తాడు ఎక్కువ ఆసక్తిగా కనిపించింది. చిన్నప్పుడు వీధిలో కోతులాడించేవాణ్ణి చూసినవాళ్ళకి ఈ తాడు సంగతి తెలుసు. కోతి గంతులేస్తుంటే నవ్వుతాం. తాడు జారిందా, పిల్లల చేతుల్లో జంతికలుండవు.

మొదటి కోతి 1983 నాటిది. ఆపిల్లో మెకింటాష్ తయారవుతున్న రోజులవి. ఆ యంత్రానికున్న మెమరీ మొత్తం 128 కిలోబైట్లు. మెమరీ నిండిపోయేటప్పుడు మాక్‌రైట్, మాక్‌పెయింట్ ప్రోగ్రాములు ఎలా ప్రవర్తిస్తాయో చూడాలి. స్టీవ్ కాప్స్ అనే ఇంజినీరు 'మంకీ' అని ఓ చిన్న ప్రోగ్రాము రాశాడు. అది ఎదురుగా ఉన్న ప్రోగ్రాము మీద ఇష్టం వచ్చినట్టు మీటలు నొక్కుతుంది, మౌసు తిప్పుతుంది, మెనూలు లాగుతుంది. అంతా బాగానే ఉంది గానీ, అలా నొక్కుతూ నొక్కుతూ కాసేపటికి 'క్విట్' కూడా నొక్కేసేది. పరీక్ష అక్కడితో సరి. అప్పుడు బిల్ అట్కిన్సన్ ఒక ఉపాయం చెప్పాడు. కోతి తిరుగుతున్నంతసేపూ 'మంకీ లివ్స్' అనే గుర్తు ఒకటి పెట్టి ఉంచుదాం. అది కనిపిస్తే ప్రోగ్రాములు క్విట్ లాంటి తలుపులు మూసేసుకుంటాయి.

చూశారా, కోతితోపాటే తాడూ పుట్టింది. "దీన్ని ఎక్కడికి వెళ్ళనివ్వకూడదు?" అన్న ప్రశ్న వేసుకోకుండా ఆ మొట్టమొదటి కోతి కూడా పనికిరాలేదు.

తర్వాత కథ అమెజాన్లో. 2000ల మొదట్లో అక్కడ జెస్సీ రాబిన్స్ అనే ఆయన ఉండేవాడు. ఆయన అగ్నిమాపక దళంలో శిక్షణ పొందినవాడు. ఆఫీసులో ఆయన హోదా 'మాస్టర్ ఆఫ్ డిజాస్టర్' (విపత్తుల మేష్టారు అనుకోండి). మంటలార్పేవాళ్ళు నిజం మంట కోసం కూర్చోరు, ముందే సాధన చేస్తారు కదా. అదే పద్ధతిని ఆయన సర్వర్లకి తెచ్చి 'గేమ్‌డే' అని పేరు పెట్టాడు. 2006లో గూగుల్ కూడా 'డర్ట్' అనే పేరుతో ఇలాంటి డ్రిల్లులు మొదలుపెట్టింది. వాటిలో యంత్రాలతోపాటు మనుషులకీ, ఆఫీసు పద్ధతులకీ కూడా పరీక్షే. ముఖ్యమైన మనిషి ఆరోజు అందుబాటులో లేకపోతే మిగిలినవాళ్ళకి పని చేతనవుతుందా లేదా అన్నది సర్వరు కూలడం కన్నా చిన్న సంగతేం కాదు.

ఇక అందరూ చెప్పుకునే నెట్‌ఫ్లిక్స్. 2008 ఆగస్టులో వాళ్ళ డేటాబేసు పాడై, మూడు రోజులపాటు చందాదారులకి డీవీడీలు పంపలేకపోయారు. (అప్పట్లో నెట్‌ఫ్లిక్స్ అంటే పోస్టులో వచ్చే ఎర్ర కవరు. ఇప్పుడు కాలేజీ పిల్లలకి చెబితే నమ్మరు.) ఆ దెబ్బతో సొంత యంత్రాలు వదిలి అమెజాన్ క్లౌడుకి మారడం మొదలుపెట్టారు. అక్కడ ఇంకో తలనొప్పి. అద్దె సర్వరు ఏ క్షణాన మాయమవుతుందో తెలీదు. ఎలాగూ పోయేదే అయినప్పుడు మనమే తీసేస్తూ ఉంటే, దానికి తట్టుకునేలా రాయడం అందరికీ అలవాటవుతుంది కదా అనుకున్నారు. అలా 2010 ప్రాంతంలో 'కేయాస్ మంకీ' వచ్చింది. నిజంగా నడుస్తున్న సర్వర్లలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని ఆపేయడం దాని పని. 2012 జులైలో దాని కోడు అందరికీ ఇచ్చేశారు.

ఆ కోడుతో వచ్చిన సెట్టింగుల ఫైలు చూస్తే భలే ముచ్చటేస్తుంది. అందులో 'లీష్డ్' అని ఒక సెట్టింగు ఉంటుంది. లీష్ అంటే మెడకి కట్టే తాడే! మీరు ఏమీ మార్చకపోతే తాడు కట్టే ఉంటుంది. అంటే కోతి "ఇదిగో, దీన్ని ఆపేద్దును" అని రాసుకుంటుందే తప్ప దేన్నీ ముట్టుకోదు. దాని పక్కనే పనివేళలు: సెలవులు కాని పనిరోజుల్లో, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకు, లాస్ ఏంజిలిస్ టైము. రాత్రిపూట కోతి కూడా పడుకుంటుందన్నమాట. మనుషులు కాఫీ తాగి, సీట్లో ఉండి, పక్కవాణ్ణి పిలవగలిగే వేళలోనే దేన్నైనా కూల్చాలి.

ఈ సాధన వల్ల ఫలితం దక్కిందా అంటే దక్కింది. తర్వాత్తర్వాత వాళ్ళు ఒక్క సర్వరుతో ఆగకుండా, ఒక ప్రాంతంలోని క్లౌడు మొత్తం పోయినట్టు 'కేయాస్ కాంగ్' పేరుతో డ్రిల్లులు చేశారు. 2015 సెప్టెంబరు 20న అమెజాన్ వారి తూర్పు అమెరికా ప్రాంతంలో డైనమోడీబీ దెబ్బతిని, దానితోపాటు చాలా సేవలు గంటల తరబడి కుంటుపడ్డాయి. నెట్‌ఫ్లిక్స్ జనాన్ని వేరే ప్రాంతాలకి మళ్ళించి కాసేపట్లోనే తేరుకుంది. అప్పటికే చాలాసార్లు చేసిన పని కదా మరి.

తాడు లేని పరీక్ష ఎలా ఉంటుందో చూడాలంటే సాఫ్ట్‌వేర్ వదిలి ఇంకో చోటికి వెళ్ళాలి. చెర్నోబిల్‌ని అందరూ ప్రమాదం అంటారు గానీ, అది మొదలైంది ఒక భద్రతా పరీక్షతో. కరెంటు పోయినప్పుడు డీజిల్ జనరేటర్లు అందుకునేలోపు, ఆగిపోతున్న టర్బైను తిరుగుడుతోనే పంపుల్ని నడపగలమా అన్నది వాళ్ళ ప్రశ్న. చాలా న్యాయమైన ప్రశ్న. 1986 ఏప్రిల్ 25 పగటిపూట చెయ్యాలనుకున్నారు. కీవ్ గ్రిడ్డు వాళ్ళు "ఇప్పుడు కరెంటు కావాలి, ఆపండి" అన్నారు. పరీక్ష రాత్రికి జరిగింది. అర్ధరాత్రి డ్యూటీ మారి, కొత్తవాళ్ళ చేతికి వచ్చింది. అత్యవసరంగా నీళ్ళు పంపే వ్యవస్థని పరీక్ష కోసం ముందే ఆపేసి ఉంచారు. 700 మెగావాట్లకి తగ్గకూడదని రాసుకున్న పరీక్ష 200 దగ్గర మొదలుపెట్టారు. ఆపాల్సిన చోట ఎవరూ ఆపలేదు. చివరికి రియాక్టరుని ఆపే మీట నొక్కితే, డిజైనులో ఉన్న లోపం వల్ల ఆ మీటే మంటకి ఆజ్యమైంది. అప్పుడు టైము రాత్రి 1:23 దాటింది. మొదట్లో తప్పంతా డ్యూటీలో ఉన్నవాళ్ళ మీదకే పోయింది. డిజైను లోపమే పెద్దదని అంతర్జాతీయ నిపుణుల నివేదిక 1992లో గానీ తేల్చలేదు.

వెబ్‌సైటుకీ అణు రియాక్టరుకీ పోలికేమిటని మీరనొచ్చు. నష్టంలో పోలిక లేదు, నిజమే. నేను చూస్తున్నది పరీక్ష పద్ధతిని మాత్రమే: వేళ మారింది, మనుషులు మారారు, ఆపే హద్దు కాగితం మీదే ఉండిపోయింది.

సరే, మళ్ళీ మన క్లస్టరుకి వద్దాం. కూబర్నెటీస్ అంటే గ్రీకులో చుక్కాని పట్టేవాడు. 2014లో గూగుల్ దీన్ని లోకానికిచ్చింది. 'ఈ ప్రోగ్రామువి ఐదు కాపీలు నడుస్తుండాలి' అని రాసిస్తే, ఒకటి చచ్చిపోగానే ఇంకోటి పుట్టిస్తుంది. గవర్నమెంటు ఆఫీసులో ఖాళీ పోస్టులా కాదు, సెకన్లలో భర్తీ. కాబట్టి పాత కోతిలా ఊరికే చంపితే ఇక్కడ పెద్దగా తెలిసేదేమీ ఉండదు. నెట్‌వర్కుని నెమ్మది చెయ్యాలి, డిస్కుని సతాయించాలి, గడియారాన్ని తప్పుదోవ పట్టించాలి. ఇవన్నీ చేసే పనిముట్టు 'కేయాస్ మెష్'. 2019 ఆఖర్లో పింగ్‌క్యాప్ అనే కంపెనీ బయటపెట్టింది. నేను పెట్టింది అదే.

ఇన్‌స్టాల్ చెయ్యడం హెల్మ్‌తో పది నిమిషాల పని. మిగిలిన రెండు రోజులూ తాడు పేనడానికే సరిపోయాయి. ఇది ప్రతి నోడు మీదా పూర్తి అధికారాలతో ఓ మనిషిని కూర్చోబెడుతుంది, అన్ని ఫ్లాట్ల తాళాలూ ఉన్న వాచ్‌మన్ లాగా. అధికారం లేనిదే ఇంకొకరి నెట్‌వర్కులో వేలు పెట్టడం కుదరదు మరి. ఆ వాచ్‌మన్‌కి తాళాలు ఎక్కడున్నాయో కూడా చెప్పాలి. మనం చెప్పకపోతే కంటైనర్లన్నీ డాకర్ నడుపుతోందనుకుంటుంది. 2022లో వచ్చిన 1.24 నుంచి కూబర్నెటీస్ డాకర్‌తో నేరుగా సంబంధం తెంచుకుంది, ఇప్పుడు ఎక్కువచోట్ల ఉండేది కంటైనర్‌డీ. ఆ సాకెట్ దారి సరిగ్గా ఇవ్వకపోతే ఇన్‌స్టాల్ పచ్చగానే కనిపిస్తుంది, ప్రయోగం మాత్రం జరగదు. ఇక 'నేను గుర్తు పెట్టిన నేమ్‌స్పేసుల్లోనే తిరుగు' అనే సెట్టింగు ఉంది. అది మనం పెట్టుకుంటేనే పనిచేస్తుంది, దానంతటది ఉండదు. నెట్‌ఫ్లిక్స్ కోతి తాడుతో వచ్చింది, ఈ కోతికి తాడు మనం కట్టాలి.

ఇదేదో చాదస్తం అనుకోకండి. 2025 సెప్టెంబరులో ఈ పనిముట్టులోనే నాలుగు లోపాలు బయటపడ్డాయి. క్లస్టరు నెట్‌వర్కులోకి ఎలాగోలా చొరబడినవాడు, పాస్‌వర్డు కూడా లేకుండా, ఈ వాచ్‌మన్ చేత ఎవరి పనినైనా ఆపించగలిగేవాడు. 2.7.3లో సరిచేశారు. మీ దగ్గర అంతకన్నా పాతది ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

చివరికి మిగిలింది వేళ. క్లయింటు మేనేజరు "ఉదయం పదింటికి పెట్టు, అందరం ఆఫీసులో ఉంటాం" అన్నాడు. షికాగోలో పదంటే చలికాలంలో హైదరాబాదులో రాత్రి తొమ్మిదిన్నర. అలారం మోగితే మొదట లేచేది హైదరాబాదు వాళ్ళే, షికాగోలో అందరమూ కాదు. పోనీ షెడ్యూల్లో 9 అని రాద్దామంటే, సర్వరు గడియారం సాధారణంగా యూటీసీలో ఉంటుంది. అది షికాగోకి తెల్లవారుజాము మూడు. ఆ నెట్‌ఫ్లిక్స్ వారి 'పనివేళలు' కూడా లెక్క వేసి చూశాను: ఎండాకాలంలో మనకి రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా! పట్టపగలే కూల్చాలన్న సూత్రం ఒకే ఊళ్ళో కూర్చున్నవాళ్ళు రాసుకున్నది. మన పని పదమూడు వేల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది.

ఈ లెక్కలు కాల్లో చెబుతుంటే హైదరాబాదు టీములో కొత్తగా చేరినమ్మాయి అడిగింది: "మరి ఆపే బటను ఎవరి దగ్గరుంటుందండీ?" అప్పటికి ఆ అధికారం షికాగోలో ఇద్దరికే ఉంది. అంటే కోతి వాళ్ళింట్లో, తాడు మా చేతుల్లో.

రెండూ మార్చాం. ప్రయోగం ఆపే అధికారం హైదరాబాదు షిఫ్టుకి ఇచ్చాం. వేళ షికాగోలో ఉదయం ఎనిమిది, అక్కడ రాత్రి ఏడున్నర. మా మేనేజరు ఇంటి నుంచే కాల్లోకి వచ్చాడు. మొదటిరోజు ఒక సర్వీసుకి 300 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపాం. దాన్ని పిలిచేవాళ్ళందరూ ఓపిక లేక మళ్ళీ మళ్ళీ పిలవడం మొదలుపెట్టి, పక్కనున్న ఇంకో సర్వీసుని ముంచేశారు. నాలుగో నిమిషంలో ఆ అమ్మాయే బటను నొక్కి ఆపింది. ఇంకాసేపు నడిపితే ఏమవుతుందో చూద్దామని మేనేజరుకి మనసులో ఉంది. ఆయన్ని అడగాల్సిన పని ఆమెకి లేదు.