ఒకే ప్రాంగణంలో జర్మన్, రష్యన్



పిల్లల పై చదువుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా సనాబిస్‌లో మిత్రులు నన్నడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు జర్మన్, రష్యన్ రెండూ చదివారట గదా, రెండూ ఎందుకండీ?" అని. ఈ సంచిక పుణ్యమా అని దానికి జవాబు రాసే అవకాశం కలిగింది.

ఈ రెండు భాషలూ మనకు కొత్తవేమీ కావు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతబోధకుడు మద్రాసులో తెలుగు నేర్చుకొని, 1728లోనే లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. స్వదేశం వెళ్ళాక హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ఇక మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికేవి. "అతడు - ఆమె" రాసిన ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కోలో అనువాదకులుగా పనిచేశారు.

హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. 1972లో జర్మన్, రష్యన్ వంటి విదేశీ భాషలు చేరి అది 'సీఫెల్' అయింది. 2007లో 'ఇఫ్లూ' పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారింది. నేను అక్కడ రష్యన్ ప్రధానంగా తీసుకొని, సాయంత్రాలు జర్మన్ నేర్చుకున్నాను. జర్మన్‌లో విభక్తులు నాలుగు, రష్యన్‌లో ఆరు. చిన్నప్పుడు డుమువులు వల్లించిన మనకు అదొక లెక్క కాదు.

రెండూ చదవడంవల్ల నాకు బోధపడిన చరిత్ర వోల్గా జర్మన్లది. రష్యాను ఏలిన రెండవ కాథరీన్ పుట్టుకతో జర్మన్ రాకుమారి. ఆమె 1763లో విదేశీయులను తన దేశానికి రమ్మని, భూమి ఇస్తాననీ, మతస్వేచ్ఛ ఉంటుందనీ ప్రకటించింది. వేలాది జర్మన్ కుటుంబాలు వెళ్ళి వోల్గా నది ఒడ్డున ఊళ్ళు కట్టుకున్నాయి. చర్చిలోనూ, బడిలోనూ, ఇంట్లోనూ జర్మనే మాట్లాడుతూ తరాలు గడిపాయి. 1924లో సోవియట్ ప్రభుత్వం వారికి స్వయంప్రతిపత్తి గల రిపబ్లిక్‌ను కూడా ఇచ్చింది.

1941లో హిట్లర్ దండెత్తగానే అంతా తల్లకిందులైంది. ఆ ఆగస్టులోనే స్టాలిన్ ప్రభుత్వం వోల్గా జర్మన్లందరినీ సైబీరియాకూ, కజకిస్తాన్‌కూ తరలించాలని ఆదేశించింది. వారి ఊళ్ళు, బళ్ళు పోయాయి. నలుగురిలో జర్మన్ మాట్లాడటానికే జంకారు. పిల్లలు రష్యన్‌లో పెరిగారు. 1990లలో రష్యా జర్మన్లు లక్షల సంఖ్యలో జర్మనీకి తిరిగివెళ్ళారు. వారిలో చాలామంది పిల్లలకు తాతల భాష రాదు. రష్యాలో జర్మన్లనిపించుకున్నవాళ్ళే జర్మనీలో రష్యన్లనిపించుకున్నారు!

ఈ కథను జర్మన్‌లో మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది, రష్యన్‌లో మాత్రమే చదివినా అంతే. నా రెండు చదువులకూ ఫలం ఇదే.

మనమూ ఊరు విడిచి వచ్చినవాళ్ళమే. మనలను ఎవరూ తరమలేదు, మన భాషను ఎవరూ కాదనలేదు. వోల్గా ఒడ్డున నూటడెబ్భై ఏళ్ళకు పైగా నిలిచిన భాష, బడీ గుడీ పోయాక ఒకటి రెండు తరాల్లో సన్నగిల్లింది. ఇక్కడ మన తెలుగుకు ఉన్న ఆసరా ఇల్లూ, ఈ సంఘమూను. పిల్లలను జర్మన్ నేర్చుకోనివ్వండి, రష్యన్ నేర్చుకోనివ్వండి. రాత్రి అన్నాల దగ్గర మాత్రం వారితో తెలుగులోనే మాట్లాడండి.