నవంబరు మొదటి మంగళవారం

2011 నవంబరులో, మెల్‌బోర్న్‌కి వచ్చిన కొత్తలో, ఒక మంగళవారం మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ అప్పుడప్పుడే తెల్లవారింది. "పనిరోజు కదరా, ఇంట్లో ఉన్నావేం?" అంది. సెలవన్నాను. ఏం పండగంది. పండగ కాదమ్మా, గుర్రప్పందెం అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. "పందేనికి సర్కారే సెలవిచ్చిందా?" అంది చివరికి.

ఇచ్చింది. 1877 నుంచి ఇస్తూనే ఉంది. ఎందుకో ఆ రోజు చెప్పలేకపోయాను, నాకే తెలియదు గనక. ఈ దేశం కథ నాకు తెలిసిందంతా ఆ ప్రశ్న పట్టుకుని పోతే తెలిసిందే.

మరిబిర్నాంగ్ నది ఒడ్డున ఫ్లెమింగ్టన్ మైదానం. అక్కడ నవంబరు మొదటి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఇరవైనాలుగు దాకా గుర్రాలు మెల్‌బోర్న్ కప్ కోసం పరుగెత్తుతాయి. 3,200 మీటర్లు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు, కొంచెం అటూఇటూ. సెలవు లేని రాష్ట్రాల్లో కూడా ఆ మూడు నిమిషాలు పని ఆపేసి టీవీల ముందు నిలబడతారు. ముందురోజు ఆఫీసులో తలా ఐదు డాలర్లు వేసుకుని, గుర్రాల పేర్లు రాసిన చీటీలు టోపీలో కలిపి తీస్తారు. దాన్ని స్వీప్ అంటారు. గుర్రాల సంగతి అన్నీ తెలిసినవాడికీ ఏమీ తెలియనివాడికీ అదృష్టం ఒకటే. అప్పటిదాకా పలకరింపు దాటి నాతో మాట్లాడనివాళ్ళు నన్ను పేరుతో పిలిచి చీటీ తీయించారు. మర్నాడంతా నా గుర్రం గురించి మెసేజీలు పెడుతూనే ఉన్నారు. పరాయి ఊళ్ళో కొత్తగా దిగినవాడికి అదెంత పెద్ద సంగతో, ఊరు విడిచి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు.

నాకు ఈ పందెంలో బాగా నచ్చింది బరువుల లెక్క. ఎంత మంచి గుర్రమైతే అంత ఎక్కువ బరువు మోయాలి. రౌతునీ జీనునీ కలిపి తూచి, నిర్ణయించిన బరువుకు తక్కువైతే జీనులో సీసపు పలకలు పెడతారు. 1890లో కార్బైన్ అనే గుర్రం 66 కిలోలు మోస్తూ, తక్కిన ముప్ఫై ఎనిమిది గుర్రాలనూ వెనక్కి నెట్టి గెలిచింది. మాది ఒంగోలు ప్రాంతం. తిరునాళ్ళలో ఎడ్లు బండ లాగుతుంటే నాన్న భుజాల మీద కూర్చుని చూసినవాణ్ణి. అక్కడ రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత అని పళ్ళను బట్టి విడదీసి పోటీ పెడతారు, లేగకు ముదురు గిత్తతో పోటీ ఉండకూడదని. ఇక్కడ అలా విడదీయరు. అన్నిటినీ కలిపి తోలి, బలమున్నదాని వీపు మీద సీసం వేస్తారు.

మొదటి కప్ 1861 నవంబరు 7న జరిగింది. అంతకు పదేళ్ళ ముందే, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపోయి వేరే వలస రాజ్యమైంది. అదే ఏడాది ఇక్కడ బంగారం బయటపడింది. 77,000 ఉన్న జనం పదేళ్ళలో సుమారు 5,40,000 అయ్యారు. ఆ ఉత్సాహంలోనే ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటాలని 1860 ఆగస్టులో బర్క్ నాయకుడిగా, విల్స్ అనే అతని తోడుతో ఒక దండు బయల్దేరింది. దానికోసం అవిభక్త భారతదేశం నుంచి ఇరవైనాలుగు ఒంటెల్నీ, వాటిని తోలే మనుషుల్నీ ఓడలో రప్పించారు. దండు కదిలిన రాయల్ పార్క్ ఫ్లెమింగ్టన్‌కు దగ్గరే. బర్క్, విల్స్ ఇద్దరూ ఎడారి దారిలో తిండి లేక చనిపోయారు. ఆ కబురు కప్‌కు కొద్ది రోజుల ముందు ఊరికి చేరింది. సుమారు నాలుగు వేలమంది ఆ దుఃఖంతోనే పందేనికి వచ్చారు. పరుగులో మూడు గుర్రాలు పడిపోయాయి, రెండు చచ్చిపోయాయి. సిడ్నీ వైపు నుంచి వచ్చిన ఆర్చర్ గెలిచింది.

మరుసటేడూ ఆర్చరే గెలిచింది. 1863లో దాన్ని పందెంలోకి తీసుకోమని పంపిన టెలిగ్రాం, ఆ రోజు మెల్‌బోర్న్‌లో సెలవు కావడంతో గడువు దాటాక చేరింది. నిర్వాహకులు ఒప్పుకోలేదు. మండిపడ్డ బయటి రాజ్యాల యజమానులు తమ గుర్రాలను వెనక్కి తీసుకుంటే ఆ ఏడాది పరుగెత్తినవి ఏడే. సిడ్నీకీ మెల్‌బోర్న్‌కీ మధ్య ఈనాటికీ తీరని పోటీ ఎంత పాతదో నాకు అర్థమైంది ఆ టెలిగ్రాం కథతోనే.

అసలు ఈ ఖండంలో గుర్రమే లేదు. 1788లో ఖైదీలను మోసుకొచ్చిన తొలి ఓడలు దారిలో దక్షిణాఫ్రికా కేప్ దగ్గర ఆగి కొన్ని గుర్రాలను ఎక్కించుకున్నాయి. అంతకుముందు వేల ఏళ్ళుగా ఈ నది ఒడ్డున బతికిన కులిన్ జాతులవాళ్ళు గిట్టల చప్పుడు విననే లేదు. ఆ చప్పుడు వెనకే వాళ్ళ నేల పోయింది. కప్ కథ చెప్పేటప్పుడు ఇది వదిలేయడం నాకు తప్పనిపిస్తుంది.

అలా ఓడ దిగిన గుర్రాల సంతానం మళ్ళీ ఓడలెక్కింది. న్యూ సౌత్ వేల్స్ గుర్రాలను పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు, కలకత్తా రేవులకు తెచ్చి బ్రిటిష్ ఇండియా సైన్యానికి అమ్మేవారు. వాటిని 'వేలర్లు' అనేవారు. మన ఒంగోలు జాతి బ్రెజిల్ చేరి 'నెలోర్' అయినట్టే ఇదీ. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆస్ట్రేలియా నుంచి సుమారు 1,36,000 గుర్రాలు వెళ్ళాయి. అంటురోగాల భయంతో వాటిని తిరిగి రానివ్వలేదు. ఒక్క శాండీ మాత్రం వచ్చింది, గల్లిపోలిలో గాయపడి చనిపోయిన జనరల్ బ్రిడ్జెస్ గుర్రం. దాని చివరి రోజులు ఫ్లెమింగ్టన్‌కు పక్కనే, మరిబిర్నాంగ్‌లోని సైనిక గుర్రపుశాలలో గడిచాయి.

ఇక్కడ పిల్లలందరికీ తెలిసిన గుర్రం ఫార్ ల్యాప్. పుట్టింది న్యూజీలాండ్‌లో, పేరు థాయ్ భాషలో మెరుపు. 160 గినీలకు కొన్న ఈ గుర్రం మాంద్యం రోజుల్లో పని దొరకని జనానికి సొంతదైపోయింది. 1930 కప్‌కు మూడు రోజుల ముందు ఎవరో దానిమీద తుపాకీ పేల్చారు. గురి తప్పింది, కప్ గెలిచింది. మరుసటేడు వీపున 68 కిలోలు వేశారు, ఎనిమిదోదిగా వచ్చింది. 1932లో కాలిఫోర్నియాలో హఠాత్తుగా చచ్చిపోతే దేశం ఏడ్చింది. చర్మం ఇప్పుడు మెల్‌బోర్న్ మ్యూజియంలో, అస్థిపంజరం న్యూజీలాండ్‌లో, 6.2 కిలోల గుండె కాన్‌బెర్రాలో ఉన్నాయి. ఆ గుండెను గాజు వెనక చూసినప్పుడు నా పక్కన నిలబడ్డ ముసలామె తన చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

నేను మైదానానికి మొదటిసారి వెళ్ళింది 2015లో. ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన తీసుకెళ్ళాడు. తాతల కాలం నాటి దుర్భిణి నా మెడలో వేశాడు. దాని తోలు వారు చెమటకు నల్లబడి, అరిగి, వేళ్ళకు మెత్తగా తగిలింది. నగరం నడిబొడ్డు నుంచి పందెం రోజున నడిచే రైలు తిన్నగా మైదానం దగ్గరే దింపింది. పెట్టెనిండా కొత్త బట్టలు, ఈకల టోపీలు, మన పెళ్ళివారి రైలులా ఉంది. లోపల గులాబీలు వేలల్లో పూశాయి. లక్షమంది జనం. మూడు కొట్టేసరికి ఒక్కసారిగా సద్దుమణిగింది.

దుర్భిణి సరిచేసుకునేలోపే కాళ్ళకు తెలిసింది. నేల సన్నగా అదురుతోంది. మలుపు తిరిగి వస్తున్న గిట్టల మోత ముందు పాదాల్లోకి ఎక్కి, ఆ తర్వాత చెవికి అందింది. గడ్డి పెళ్ళలు ఎగురుతున్నాయి. మా ముందునుంచి దూసుకుపోతున్నప్పుడు గుర్రాల ఊపిరి వినబడింది, కొలిమి తిత్తిలా. ఊదా, ఆకుపచ్చ, తెలుపు చొక్కాతో ఒక రౌతు ముందుకొచ్చింది. మిషెల్ పేన్. గుర్రం ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్, డాలరుకు నూరు పలికినది, అంటే గెలుస్తుందని ఎవరూ అనుకోనిది. 154 ఏళ్ళలో కప్ గెలిచిన మొదటి ఆడ రౌతు ఆమె. పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అంతకు ముందటి ఏడాదే, అందరూ గెలుస్తుందనుకున్న జపాన్ గుర్రం అడ్మైర్ రక్తి పరుగు అయ్యాక కొట్టంలో కూలి చచ్చిపోయింది. ఆ తర్వాతి ఏళ్ళలోనూ గుర్రాలు పోయాయి. పందెం వద్దనేవాళ్ళు ఏటా ఎక్కువవుతున్నారు, నా పక్కింటివాళ్ళు కూడా. వాళ్ళ బాధ నిజమైనదే. పందేల్లో ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ మంగళవారం వస్తే నేను రైలెక్కకుండా ఉండలేను.

2015లో ఆ రాత్రి అమ్మకు అంతా చెప్పాను. కప్ గెలిచిన ఆ అమ్మాయి పదిమంది పిల్లల్లో ఆఖరిదని, ఆరు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయిందని, ఎన్నిసార్లో గుర్రం మీదనుంచి పడి ఎముకలు విరగ్గొట్టుకుందని, డౌన్ సిండ్రోమ్ ఉన్న అన్న స్టీవీయే ఆ గుర్రాన్ని సాకాడని. అమ్మ సెలవు మాట ఎత్తలేదు. ఇప్పుడు నవంబరు మొదటి మంగళవారం ఫోన్ చేసేది తనే. అక్కడ తెల్లవారగానే చేసి మొదట అడిగేది ఒకటే: "ఆ తల్లి లేని పిల్ల ఈసారి గుర్రం ఎక్కుతోందా?"