బిలాస్‌పూర్ బారిస్టరు: కోర్టు నుంచి గవర్నరు పీఠం దాకా



ఛత్తీస్‌గఢ్ పటాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. రాయపూర్ నుంచి బిలాస్‌పూర్‌కు పోయే రైలు మార్గంలో తిల్దా కనిపిస్తుంది. అదే మార్గంలో పడమటికి వెళితే, నాగపూర్‌కు కాస్త ఇవతల కామ్టీ ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఈ దారి వెంట ఎందరో తెలుగువారు స్థిరపడ్డారు. కామ్టీలో తెలుగు కుటుంబంలో పుట్టి, బిలాస్‌పూర్‌లో పేరుపొందిన బారిస్టరు ఈడ్పుగంటి రాఘవేంద్రరావు. ఒక న్యాయవాది రాజకీయాల్లోకి, అక్కడి నుంచి అధికారంలోకి ఎలా వెళ్లాడో ఆయన జీవితం చెబుతుంది.

ఆ రోజుల్లో న్యాయవాదులే ఎక్కువగా నాయకులయ్యారు. ఎందుకు? వారికి చట్టం తెలుసు, వాదించడం తెలుసు. ప్రభుత్వ జీతం మీద ఆధారపడరు కాబట్టి నిర్భయంగా మాట్లాడగలరు. ఇంగ్లండులో చదివి వచ్చిన రాఘవేంద్రరావు మొదట బిలాస్‌పూర్ పురపాలక సంఘానికి నాయకత్వం వహించారు. సహాయ నిరాకరణ ఉద్యమంలో ప్రాక్టీసు వదులుకున్నారు. తరువాత స్వరాజ్య పక్షంలో చేరారు.

ఇక్కడ ఒక చట్టం గురించి తెలుసుకోవాలి. 1919 చట్టం రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వాన్ని తెచ్చింది. విద్య, ఆరోగ్యం వంటి శాఖలు భారతీయ మంత్రులకు దక్కాయి. పోలీసు, భూమిశిస్తు వంటివి గవర్నరు చేతిలోనే ఉండిపోయాయి. ఇది అధికారం కాదు, అధికారపు నీడ అన్నది స్వరాజ్యవాదుల వాదన. 1923 ఎన్నికల్లో మధ్యపరగణాల శాసన మండలిలో వారికి ఆధిక్యం వచ్చింది. 1924లో మంత్రుల జీతాన్ని ఏడాదికి 2 రూపాయలకు తగ్గించి, ఆ ఏర్పాటునే స్తంభింపజేశారు.

అయితే అడ్డుకుంటూ ఎంతకాలం కూర్చోవాలి? ఈ ప్రశ్న పక్షాన్ని చీల్చింది. 1925లో మండలి అధ్యక్షుడు, స్వరాజ్యవాది అయిన తాంబే గవర్నరు కార్యనిర్వాహక మండలిలో చేరారు. 1927లో రాఘవేంద్రరావు మంత్రి అయ్యారు. ఏ పదవి జీతాన్ని తన పాత పక్షం 2 రూపాయలకు కోసిందో, ఆ పదవినే స్వీకరించారు. 1930లో కార్యనిర్వాహక మండలి సభ్యులయ్యారు. అదే ఏడాది రాయపూర్ న్యాయవాది రవిశంకర్ శుక్లా సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్లారు. వృత్తి ఒకటే, ప్రాంతం ఒకటే. కాని దారులు రెండు.

1936లో రాఘవేంద్రరావు కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. 1937 ఏప్రిల్‌లో, ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెసు హామీల కోసం పదవులు నిరాకరించగా, ఆయన తాత్కాలిక మంత్రివర్గానికి నాయకులయ్యారు. జులైలో కాంగ్రెసు రాగానే దిగిపోయారు. 1941లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో పౌర రక్షణ శాఖ చేపట్టి, 1942 జూన్‌లో మరణించారు. శుక్లా 1938లో ఆ రాష్ట్ర ప్రధాని, 1956లో కొత్త మధ్యప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

లోపల ఉండి కొంతైనా సాధించాలన్నది ఒక వాదన. ప్రజల తీర్పు అండలేని పదవి నిలవదన్నది మరొకటి. 1937లో ఆ మంత్రివర్గం మూడు నెలల పైచిలుకు మాత్రమే సాగడం రెండో వాదనకు బలమిస్తుంది. అలాగని మొదటి దారి పట్టినవారందరినీ స్వార్థపరులనడం చరిత్ర కాదు. 1927లో ఆ మండలిలో మీరే సభ్యులైతే ఏం చేసేవారు? మీ కారణాలతో సహా రాసి చూడండి.